ఎండాకాలం మా పిల్లలు ఊళ్లోనే ఉంటారు, బడి తలుపు తీయనివ్వండి

ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం.

మాది కర్నూలు జిల్లా, ఆదోని డివిజన్‌లో ఒక పల్లె. మా ఊరి ప్రాథమిక బడికి నేను విద్యా కమిటీ చైర్‌పర్సన్‌ని. 2024 ఆగస్టులో రాష్ట్రమంతా కమిటీ ఎన్నికలు జరిగినప్పుడు తోటి తల్లులు చేతులెత్తి నన్ను ఎన్నుకున్నారు. ఇంటర్ దాకా చదివాను, ఇంట్లో మిషను కుడతాను. ఈ ఉత్తరం వేసవి సెలవుల గురించి రాస్తున్నాను. ఇంకా జనవరే కదా, ఎండాకాలం మాట అప్పుడే ఎందుకని అనుకోకండి. ఇప్పుడు అనుకోకపోతే ఏప్రిల్‌లో చేసేదేమీ ఉండదు. పోయినేడు మాకు అదే జరిగింది.

మా వైపు జనవరి అంటే సుగ్గి, కోతపనులకు వలసపోయే కాలం. సంక్రాంతి అటూ ఇటూగా ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు పడతాయి. గుంటూరు, పల్నాడు వైపు మిరపకోతలకు పోతారు. బియ్యం మూటలు, జొన్నలు, గిన్నెలు, గోనెపట్టలు బండికెక్కుతాయి. వాటి మధ్యనే పిల్లలు. ముసలివాళ్లు ఓపికగా ఉన్న ఇళ్లలో పిల్లల్ని వాళ్ల దగ్గర వదిలిపోతారు. బళ్ల కోసం కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే సమగ్ర శిక్ష పథకం వాళ్లు, వలసపోయేవాళ్ల పిల్లల కోసం పెట్టిన సీజనల్ హాస్టళ్ల వల్ల కూడా కొంతమంది పిల్లలు ఊళ్లో నిలబడ్డారు. ఆ మేలు నేను కాదనను. కానీ చంటిబిడ్డ ఉన్న తల్లి కోతకు వంగితే ఆ బిడ్డను ఎత్తుకోవడానికి ఎనిమిదేళ్ల అక్క కావాలి. ఆ అక్క హాస్టల్లో ఉండదు, చేను గట్టున ఉంటుంది.

వాళ్లు తిరిగి వచ్చేది ఉగాది దాటాకే. అప్పటికి ఒంటిపూట బడులు నడుస్తుంటాయి. బ్యాగు దులిపి బడికి నాలుగు రోజులు పోయేసరికి సెలవులిస్తారు. పోయినేడు, 2025లో, ఏప్రిల్ 24న మూసిన బడి జూన్ 12న తెరిచారు. అంటే 49 రోజులు. ఊళ్లో నిలిచిన పిల్లలకు అవి 49 రోజులే. సుగ్గికి పోయొచ్చిన పిల్లకు మాత్రం జనవరి నుంచి జూన్ దాకా అయిదు నెలలు అక్షరం కంటబడదు. ఇంకో సంగతి మీరు గమనించాలి సార్. ఆ అయిదు నెలల్లో ఆ పిల్ల మా ఊళ్లో, మా కళ్లముందు, ఏ పనీ లేకుండా ఉండేది ఆ 49 రోజులే. ఆ 49 రోజులే మన బడికి తాళం.

పోయిన జూన్‌లో బడి తెరిచిన వారానికి మా వీధి పాప ఒకతె నా దగ్గర కూర్చుంది. మూడో తరగతిలోకి వచ్చింది. నేను జాకెట్టుకు హుక్సులు కుడుతూ, పుస్తకం తీసి చదవమన్నాను. సుగ్గికి పోకముందు ఆ పాప 'రాత్రి', 'పుస్తకం', 'అమ్మమ్మ' తడుముకోకుండా చదివేది, నేను విన్నాను. ఇప్పుడు 'రాతి' అంది. సరిగా చూడమంటే 'త' కింద ఉన్న రావత్తును వేలితో మూసి మళ్లీ 'రాతి' అని చదివింది. ఆ కింద ఉన్నదేమిటమ్మా అని అడిగితే, "తెల్దు చిన్నమ్మా, మర్చిపోయినా" అంది. 'అమ్మమ్మ' దగ్గర కూడా అంతే, రెండు ఒత్తులూ వదిలేసింది.

అదే పాపను సుగ్గిలో ఎన్ని కిలోలు కోశారని అడిగాను. తానెంత కోసింది, వాళ్లమ్మ ఎంత కోసింది, కిలోకు ఎంత ఇచ్చారు, రెండు రోజులకు ఎంతైంది, మేస్త్రీ ఎంత పట్టుకున్నాడు, అన్నీ నోటిలెక్కతో చెప్పేసింది. ఆ పిల్లకు తెలివి లేక కాదు. అయిదు నెలలు ఎవరూ పుస్తకం పట్టించలేదు, అంతే.

ఇది మా ఊరి సంగతి ఒక్కటే కాదు. పల్లె పిల్లల చదువు ఎలా ఉందో చూసే అసర్ సర్వే 2024లో చెప్పినదాని ప్రకారం, దేశం మొత్తంలో పల్లెల్లోని ప్రభుత్వ బళ్లలో మూడో తరగతి చదివే పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతమే. ప్రతి పిల్లా మూడో తరగతి దాటేలోగా అర్థం చేసుకుంటూ చదవాలని 2021లో కేంద్రం నిపుణ్ భారత్ అనే కార్యక్రమం మొదలుపెట్టి, 2026-27కు గడువు పెట్టారు. గడువు ముంగిట్లోకి వచ్చేసింది.

ఇప్పుడు కమిటీ మాట చెబుతాను. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం కమిటీలో ముప్పావువంతు మంది తల్లిదండ్రులు ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. బడి ఎలా నడుస్తోందో చూడటం, వచ్చిన డబ్బు ఎలా ఖర్చయిందో చూడటం, బడి అభివృద్ధికి ప్రణాళిక తయారు చేయడం మా పనులు. ఆ ప్రణాళిక సంగతి 22వ సెక్షన్‌లో ఉంది. నేను ఎన్నికైన రోజు రాత్రి ఫోన్‌లో ఈ రెండు సెక్షన్లూ తెలుగులో వెతికి మా ఆయనకు చదివి వినిపించాను. ఇంత అధికారం మాకు ఉందా అని ఆయన నన్నే అడిగాడు.

మీటింగ్‌లో జరిగేది చెబుతాను. ఎజెండా పైనుంచి వాట్సాప్‌లో వస్తుంది. హెడ్మాస్టర్ సార్ చదువుతారు. మరుగుదొడ్లు, తాగునీళ్లు, గుడ్లు, హాజరు, కిట్లు. అన్నీ అవసరమైనవే. గుడ్లు చిన్నవి వస్తున్నాయని మేము పట్టుబడితే మారాయి కూడా. తర్వాత మినిట్స్ బుక్కులో సంతకాలు, వేలిముద్రలు, ఒక ఫోటో. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా మెగా పేరెంట్స్ టీచర్స్ మీటింగ్ పెట్టినప్పుడు ఆ రోజు తల్లులు పండక్కి వచ్చినట్టు వచ్చారు. ముగ్గులేశారు, పిల్లల మార్కులు చూశారు, టీచర్లతో కూర్చుని మాట్లాడారు. మా బడి గేటు దాటి ఎప్పుడూ లోపలికి రాని అమ్మలు ఆ రోజు వచ్చారు. ఆ రోజు వాళ్ల మొహాలు చూశాకే కమిటీతో పని జరుగుతుందని నాకు నమ్మకం కుదిరింది.

ఆ ధైర్యంతోనే పోయినేడు ఫిబ్రవరి మీటింగ్‌లో లేచి, ఎండాకాలం పొద్దున పూట పిల్లలకు రెండు గంటలు చదువు చెప్పిద్దాం, తీర్మానం రాయండి సార్ అన్నాను. ఎజెండాలో లేదమ్మా అన్నారు. అయినా మా మాట కాదనలేక రాశారు. దాన్ని మండలానికి పంపారు. మార్చి పోయింది, ఏప్రిల్ పోయింది, ఔననీ కాదనీ జవాబు రాలేదు. చివరి పనిదినం నాడు బడి తాళంచెవి అడిగితే సార్ నిజంగానే బాధపడ్డారు. "ఆర్డర్ లేకుండా ఇస్తే, ఏ పాము కుట్టినా, పైకప్పు పెచ్చు ఊడిపడినా నేనేం జవాబు చెప్పాలమ్మా?" అన్నారు. ఆయన తప్పు నాకు కనపడలేదు.

ఆంజనేయస్వామి గుడి అరుగు మీద మొదలుపెట్టాం. డిగ్రీ చదువుతూ సెలవులకు వచ్చిన మా ఊరి అమ్మాయి చెప్పడానికి ఒప్పుకుంది. బ్లాక్‌బోర్డు లేదు. పాత క్యాలెండర్ల వెనక స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాలు రాసి గుడి గోడకు అతికించాం. టైము ఆరున్నర నుంచి తొమ్మిది. అది ఊరికే పెట్టిన టైము కాదు. ఎండాకాలం ఉపాధి పనికి తల్లులు తెల్లవారుజామునే పోతారు, తిరిగొచ్చేసరికి పదకొండు. ఆ వేళలో పిల్లల్ని కనిపెట్టుకుని చూసేవాళ్లు ఉండరు. బావులు, కుంటల దగ్గర మాకు భయమంతా ఆ వేళలోనే.

మొదటి రోజు 34 మంది వచ్చారు. రెండో వారానికి 15 మంది మిగిలారు. ఎందుకో తెలుసుకుందామని ఇల్లిల్లూ తిరిగాను. చదువు ఇష్టం లేక కాదు. ఆకలి. బడి ఉన్న రోజుల్లో మధ్యాహ్నం అన్నం, గుడ్డు ఉంటాయి, కొన్ని రోజులు పొద్దున రాగిజావ కూడా ఉంటుంది. సెలవుల్లో పొద్దున పొయ్యి వెలిగించే మనిషి ఇంట్లో ఉండదు. ఎనిమిది గంటలప్పుడు ఒక పిల్లాడు అరుగు మీదే కళ్లు తిరిగి కూలబడ్డాడు. వాడు రాత్రి కూడా సరిగా తినలేదట. ఆ రోజు నుంచి నేను బొరుగులు, వేయించిన శనగపప్పు కలిపి తీసుకుపోయి తలా ఒక గుప్పెడు పెట్టాను. మళ్లీ 20 మంది దాకా అయ్యారు. నా చేతి డబ్బు అంతవరకే వచ్చింది. 22 రోజులు నడిపి ఆపేశాం.

ఆ 22 రోజుల్లో ఏం ఒరిగింది అంటారేమో. చివరి వారంలో పిల్లలంతా కూర్చుని సుగ్గి గురించి తలా రెండు వాక్యాలు రాశారు. ఒకడు 'మిరపకాయలు కోస్తే చేతులు మంట' అని రాశాడు. 'కోస్తే'లో ఒత్తు సరిగా ఉంది. ఆ కాగితం ఇప్పటికీ నా మిషను సొరుగులో దాచాను.

అందుకే అడుగుతున్నాను సార్. ప్రతి ఏడూ ఫిబ్రవరి కమిటీ మీటింగ్‌లో వేసవి చదువు అనే అంశం తప్పనిసరిగా ఉండాలని ఒక ఆర్డర్ ఇప్పించండి. నడపాలా వద్దా, ఎన్ని రోజులు, ఏ టైములో అన్నది కమిటీయే తేల్చుకోవాలి. కోనసీమలో వేళలు వేరు, మా ఆదోనిలో వేరు, సుగ్గికి పోని ఊళ్లలో అసలు అవసరమే లేకపోవచ్చు. రాష్ట్రమంతటికీ ఒకే టైం టేబుల్ మాత్రం పంపకండి. కమిటీ తీర్మానం చేస్తే రెండు గదులు, వరండా, నీళ్ల పంపు వాడుకోవచ్చని, తాళంచెవి ఇచ్చిన హెడ్మాస్టర్ మీద ఏ తప్పూ పడదని ఆ ఆర్డర్‌లోనే రాయించండి. మాకు అన్నిటికన్నా అవసరమైనది ఈ ఒక్క వాక్యం.

రెండోది అన్నం. ఇది కొత్త కోరిక కాదు. కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లో కూడా మధ్యాహ్న భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లోనే చెప్పింది. మా వైపు మండలాలకు కరువు కొత్త కాదు. లెక్క కూడా పెద్దది కాదు. ప్రాథమిక బడి పిల్లకు పూటకు 100 గ్రాముల బియ్యం. 50 మంది పిల్లలకు రోజుకు అయిదు కిలోలు, 30 రోజులకు 150 కిలోలు, అంటే మూడు బస్తాలు. పప్పు, నూనె, గుడ్డు, గ్యాసు వేరే. వండే అక్కలను మాత్రం మరవకండి. వాళ్లకు నెలకు 3,000 గౌరవ వేతనం వస్తోంది. అయితే కేంద్రం లెక్క ప్రకారం ఏడాదికి పది నెలలకే. ఎండాకాలం వండిస్తే ఆ రోజుల డబ్బు కూడా వాళ్ల చేతికి రావాలి. మా బడి వంట అక్క కూడా సెలవుల్లో ఉపాధి పనికే పోతుంది, ఆమెకూ పిల్లలున్నారు.

టీచర్ల మీద ఈ బరువు పెట్టకండి. ఏడాదంతా యాప్‌లు, ఫోటోలు, పరీక్షలతో వాళ్లు అలిసిపోయి ఉంటారు, సెలవులు వాళ్ల హక్కు. ఇష్టపడి వచ్చినవాళ్లకు ఆ రోజులకు బదులుగా దక్కే సంపాదిత సెలవు (ఈఎల్) తిరకాసు లేకుండా సర్వీసు పుస్తకంలో ఎక్కేలా చూడండి. చెప్పడానికి ఊళ్లలో డిగ్రీ, డీఎడ్ చదివిన ఆడపిల్లలు ఉన్నారు. రోజుకు కనీసం ఉపాధి కూలీ అంతైనా ఇవ్వండి. పోయినేడు గుడి అరుగు మీద చదువు చెప్పిన మా ఊరి అమ్మాయికి మేమేమీ ఇవ్వలేకపోయాం. ఆఖరి రోజు నేను కుట్టిన ఒక జాకెట్టు ఇచ్చాను.

డబ్బు గురించి ఒక మాట. 31 నుంచి 100 మంది పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష కింద బడి నిర్వహణ ఖర్చులకని ఏడాదికి 25,000 కాంపోజిట్ గ్రాంటు ఉంది. అది మా చేతికి వచ్చేసరికి చాక్‌పీసులకు, కరెంటు బిల్లుకు చేసిన అప్పులే మింగేస్తాయి. వేసవికి వేరుగా చిన్న మొత్తం, మార్చి దాటకుండా, కమిటీ ఖాతాలో పడేలా చూడండి. లెక్క బడి గోడ మీద రాసి పెడతాం.

పుస్తకాల సంగతి కూడా చెప్పాలి. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా మేమూ కడుతున్నాం. గ్రంథాలయాల్లో ఎండాకాలం పిల్లలకు విజ్ఞాన శిబిరాలు పెడతారని పేపర్లో చదువుతుంటాను. మా ఊరి నుంచి అంత దూరం పిల్లలను పంపేదెలా? శాఖా గ్రంథాలయం నుంచి ఒక పెట్టెడు కథల పుస్తకాలు నెల రోజులకు కమిటీ సంతకం మీద ఇప్పించండి. చిరిగితే అతికించి ఇస్తాం, పోతే డబ్బు కడతాం.

ఒక్కటి మాత్రం వద్దు. దీన్ని పరీక్షలుగా, ర్యాంకులుగా, రోజుకు మూడు ఫోటోల అప్‌లోడ్‌గా మార్చకండి. పొద్దున్నే పిల్లలు ఒక గంట చదివి, ఒక గంట ఆడి, అన్నం తిని ఇంటికి పోవాలి. అంతకన్నా మేమేం అడగడం లేదు.

మా కమిటీ గడువు రెండేళ్లు. ఆగస్టుకు అయిపోతుంది. నాకు మిగిలింది ఈ ఒక్క ఎండాకాలమే. ఫిబ్రవరి మూడో శనివారం మా మీటింగ్. ఊళ్లో ఉన్న అమ్మలందరికీ చెప్పాను. సుగ్గికి పోయినవాళ్లకు ఫోన్ చేసి, ఏప్రిల్‌లో వచ్చేటప్పుడు పిల్లల పలకలు అక్కడే వదిలేసి రావద్దని చెబుతున్నాను. ఆర్డర్ ఆ శనివారంలోపు వస్తే తీర్మానం ఆ రోజే రాసుకుంటాం.

ఇట్లు,
ఒక ప్రాథమిక పాఠశాల విద్యా కమిటీ చైర్‌పర్సన్,
ఆదోని డివిజన్, కర్నూలు జిల్లా