అవార్డుల విలీనంలో భత్యాలు గల్లంతు కాకూడదు

సంపాదకులకు నమస్కారం.

ఆస్ట్రేలియాలో ఫిట్టర్లుగా, వెల్డర్లుగా, ఎలక్ట్రీషియన్లుగా స్థిరపడుతున్న తెలుగువారి సంఖ్య పెరుగుతోంది. ఈ వృత్తుల్లో ప్రభుత్వ కొలువు చేసేవారి జీతభత్యాలను శాసించే 'అవార్డులు' అనే ఉత్తర్వుల విలీనం గురించి మన పాఠకులకూ కొంత తెలియాలనే ఉద్దేశంతో ఈ లేఖ రాస్తున్నాను. నేను పెర్త్‌లో ఫిట్టర్‌గా పనిచేస్తున్నాను కాబట్టి పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్రానికే పరిమితమవుతాను.

ఇక్కడి పారిశ్రామిక సంబంధాల కమిషన్ ఒక వృత్తికి కనీస వేతనాన్ని, పనివేళలను, ఓవర్‌టైమ్‌ను, భత్యాలను నిర్ణయిస్తూ చట్టబలంతో వెలువరించే ఉత్తర్వును అవార్డు అంటారు. ప్రభుత్వ ఇంజినీరింగ్ వృత్తుల వారికి 1967 నాటి అవార్డు ఉండగా, ప్రభుత్వ నిర్మాణ వృత్తుల వారికి 1968 నాటి అవార్డు విడిగా ఉంది. ఇలాంటి వాటిని కలిపి ఒక్కటి చేయాలనడంలో తప్పేమీ లేదు. ఈ అవార్డులు పుట్టిన కాలానికీ ఇప్పటికీ ప్రభుత్వ వర్క్‌షాపుల రూపురేఖలే మారిపోయాయి. 1904లో మొదలై తొంభై ఏళ్లపాటు ఇంజిన్లూ పెట్టెలూ తయారుచేసిన మిడ్‌ల్యాండ్ రైల్వే వర్క్‌షాపులు 1994లో మూతపడ్డాయి. రాష్ట్ర విద్యుత్ సంస్థ 1995లో రెండుగా చీలింది. 2006లో అమల్లోకి వచ్చిన కేంద్ర చట్టం కార్పొరేషన్ల ఉద్యోగులను రాష్ట్ర పరిధి నుంచి తప్పించింది. మిగిలిన కొద్దిమంది ఆసుపత్రుల్లో, ప్రభుత్వ భవనాల నిర్వహణ విభాగాల్లో చెల్లాచెదురుగా ఉన్నారు. ఒకే ఆసుపత్రి పైకప్పు మీద శీతల యంత్రం బాగుచేసే ఫిట్టరూ, పక్కనే గొట్టం బిగించే ప్లంబరూ తమకు రావలసినదేమిటో తెలుసుకోవడానికి రెండు వేర్వేరు పత్రాలు తిరగేయాల్సి రావడం ఎవరికీ సదుపాయం కాదు, జీతాలు లెక్కగట్టే గుమాస్తాకు అసలే కాదు.

కాబట్టి విలీనానికి నేను వ్యతిరేకిని కాను. అయితే విలీనం జరిగేటప్పుడు అందరి కళ్లూ మూల వేతనం మీదే ఉంటాయి, నష్టం మాత్రం భత్యాల దగ్గర జరుగుతుంది.

దీనికి కారణం ఈ వేతనాల నిర్మాణంలోనే ఉంది. 1907లో జస్టిస్ హిగిన్స్ ఇచ్చిన హార్వెస్టర్ తీర్పు నైపుణ్యం లేని కార్మికుడికి సైతం రోజుకు 7 షిల్లింగులు ఇవ్వాలని నిర్దేశించింది. మనిషి కుటుంబంతో సహా బతకడానికి కావలసిన మొత్తం అడుగున, నేర్చిన విద్యకు ఇచ్చే అదనపు మొత్తం దాని మీద, పనిలోని కష్టానికీ ప్రమాదానికీ ఇచ్చే భత్యాలు ఆ పైన అనే అమరిక అటుపైన దశాబ్దాలపాటు బలపడింది. ఈ మూడింటిలో కింది రెండింటికీ కాపలా గట్టిగానే ఉంది. రాష్ట్ర వేతన ఉత్తర్వు ఏటా జూలై 1 నుంచి కనీస రేట్లను సవరిస్తుంది. నైపుణ్యం విషయానికొస్తే, 1980ల చివర మొదలైన సంస్కరణల్లో లోహ పరిశ్రమ అవార్డులోని 300కు పైగా వర్గీకరణలు 14 స్థాయిలుగా కుదించుకుపోయినా, వృత్తి అర్హత గల కార్మికుడి రేటును నూరుగా, అడుగు స్థాయిని 78గా నిలిపే కొలబద్ద ఏర్పడింది. భత్యాలకు అలాంటి కొలబద్ద లేదు. ఇరుకు ట్యాంకులో దూరి చేసే పనికి, ఎత్తు మీద పనికి, మసి పనికి, సొంత పనిముట్లు తెచ్చుకున్నందుకు ఇచ్చే చిన్న చిన్న మొత్తాలు ఒక్కో అవార్డులో ఒక్కో మూల దాగి ఉంటాయి. రెండు అవార్డులను ఒకటిగా కుట్టేటప్పుడు జారిపోయేవి అవే.

ఎవరికీ కనపడకుండా ఎలా జారిపోతాయో చెప్పాలంటే కొంచెం లెక్క అవసరం. కొన్ని భత్యాలను 'అన్ని ప్రయోజనాలకూ' వర్తించేవిగా రాస్తారు. అంటే ఆ మొత్తం గంట రేటులో కలిసిపోయి ఓవర్‌టైమ్‌లో రెట్టింపవుతుంది, సెలవు జీతంలోనూ చేరుతుంది. వారానికి 38 డాలర్ల భత్యం ఉందనుకుందాం. 38 గంటల వారానికి అది గంటకు ఒక డాలరు. ఏడాదిలో 200 గంటలు రెట్టింపు రేటుకు పనిచేసినవాడికి ఆ ఒక్క డాలరు వల్లనే ఓవర్‌టైమ్‌లో 400 డాలర్లు, నాలుగు వారాల వార్షిక సెలవులో 152 డాలర్లు వస్తాయి. కొత్త అవార్డులో అదే భత్యాన్ని అదే 38 డాలర్లుగా ఉంచి, 'అన్ని ప్రయోజనాలకూ' అనే రెండు మాటలు తీసేసి, పనిచేసిన వారాలకే ఇస్తామంటే, పట్టికలో అంకె చెక్కుచెదరదు కానీ అతని చేతికొచ్చేది ఏడాదికి 552 డాలర్లు తగ్గుతుంది. ఏ రేటూ తగ్గించలేదని అధికారులు చెబితే అది అబద్ధం కూడా కాదు.

కేంద్ర స్థాయిలో జరిగిన విలీనాన్ని గుర్తుచేసుకోవడం ఇక్కడ అవసరం. 2008లో మొదలైన ప్రక్రియలో 1,500కు పైగా అవార్డుల స్థానంలో 122 కొత్త అవార్డులు వచ్చి, 2010 జనవరి 1 నుంచి అమలయ్యాయి. కార్మికులకు నష్టం కలగరాదని, యజమానులకు ఖర్చు పెరగరాదని అప్పటి మంత్రి ఒకే ఆదేశపత్రంలో కోరారు. వేర్వేరు రేట్లను ఒకటి చేస్తూ ఈ రెండు కోరికలనూ పూర్తిగా తీర్చడం ఎవరి తరమూ కాదు. తేడాలను 2010 జూలై నుంచి 2014 జూలై వరకు అయిదు విడతల్లో సర్దారు. చేతికొచ్చే జీతం తగ్గితే కార్మికుడు ఆ లోటు పూడ్చే ప్రత్యేక ఉత్తర్వు కోరవచ్చన్నారు. ఆ ఏర్పాటు మంచిదే. కానీ తగ్గిందని కనిపెట్టే భారం కార్మికుడి మీదే పడింది. పాత అవార్డునూ కొత్త అవార్డునూ పక్కపక్కన పెట్టుకుని చదవగలిగిన ఫిట్టర్లు ఎందరుంటారు?

మరో విషయం కాలం చెల్లిన నిబంధనలది. కమిషన్ తనంతట తానుగా అవార్డులను సవరించి, వివక్షతో కూడినవాటినీ కాలం చెల్లినవాటినీ తొలగించే అధికారం 1979 నాటి రాష్ట్ర చట్టంలోని 40బి సెక్షన్‌లో ఉంది. కమ్మరి పనికీ ఆవిరి యంత్రాలకీ సంబంధించిన మాటలు పోతే ఎవరూ విచారించరు. కానీ ఒక నిబంధన పాతబడిందా లేదా అన్నది దాన్ని రాసిన తేదీని బట్టి తేలదు. ఊపిరితిత్తులను దెబ్బతీసే రాతినార ఆస్బెస్టాస్ సంగతే చూడండి. ఈ రాష్ట్రంలోనే ఉన్న విటెనూమ్ ఆస్బెస్టాస్ గని 1966లో మూతపడింది. ఆస్బెస్టాస్ వాడకాన్ని దేశమంతటా 2003 డిసెంబరు 31 నుంచి నిషేధించారు. ఆ మాట విన్నవారికి ఆస్బెస్టాస్ దగ్గర పనిచేసేవారి భత్యం మ్యూజియంలో ఉండాల్సిన వస్తువులా తోస్తుంది. నిజానికి నిషేధానికి ముందు కట్టిన భవనాల్లో ఆవిరి గొట్టాల తొడుగు విప్పవలసి వస్తే, ముసుగు తగిలించుకుని ముందు వెళ్లేది ఇప్పటికీ మా వంటివాళ్లమే. గత కొన్నేళ్లుగా ఎవరూ ఆ భత్యం అడగలేదన్నది కూడా తీసివేతకు కారణం కారాదు. అడగకపోవడానికి అది ఉన్నట్లు తెలియకపోవడమే చాలాసార్లు కారణం.

నేడు చాలామందికి జీతం వచ్చేది యూనియన్లతో కుదిరిన రిజిస్టర్డ్ ఒప్పందాల ప్రకారమనీ, అవి అవార్డు కంటే ఎక్కువే ఇస్తాయనీ, ఇంత కంగారు ఎందుకనీ నా సహోద్యోగులే కొందరు అంటారు. ఎక్కువ ఇస్తాయన్నది నిజం. అయితే ఒప్పందంలో 'భత్యాలు అవార్డు ప్రకారం' అని ఒక్క ముక్క రాసి వదిలేసిన చోట అవార్డు మారితే ఒప్పందమూ మారినట్లే. తదుపరి ఒప్పందం మీద బేరసారాలు మొదలైనప్పుడు కూడా ఇరుపక్షాలూ లెక్క మొదలుపెట్టేది అవార్డు నుంచే.

అందువల్ల విలీనాన్ని తలపెట్టేవారు ముందుగా ఒక పట్టిక తయారుచేయాలని కోరుతున్నాను. పాత అవార్డుల్లోని ప్రతి నిబంధనా కొత్తదానిలో ఎక్కడికి వెళ్లిందో, మారితే ఏ మాట మారిందో, పోతే ఎందుకు పోయిందో అందులో ఉండాలి. ముఖ్యంగా ప్రతి భత్యానికీ ఎదురుగా అది ఓవర్‌టైమ్‌కూ సెలవులకూ వర్తిస్తుందో లేదో పాత, కొత్త గడుల్లో విడివిడిగా రాయాలి. ఎవరి చేతికొచ్చే మొత్తమైనా తగ్గే పక్షంలో ఆ తేడాను అతను అడగకుండానే యాజమాన్యం లెక్కగట్టి చెల్లించాలి, ఆ రక్షణకు గడువు పెట్టకూడదు. ఈ పట్టిక కమిషన్ ముందు విచారణ మొదలుకావడానికి కనీసం నెల రోజుల ముందు, యూనియన్ కార్యాలయానికే కాక ప్రతి వర్క్‌షాపు నోటీసు బోర్డుకూ చేరాలి. అందులో అర్థంకాని అంశాలను పనివేళల్లోనే అడిగి తెలుసుకునే అవకాశమూ కార్మికులకు ఉండాలి.

ఇట్లు,
ఒక ఫిట్టర్,
పెర్త్, పశ్చిమ ఆస్ట్రేలియా.