మా రెడీమేడ్ డెక్ ఆదివారం ఓడిపోయింది: అడ్వాన్స్ కట్టినవాళ్ళు ఒకసారి చదవండి

చారిజార్డ్ డెక్ (ఆడటానికి కట్టిన 60 పోకెమాన్ కార్డుల కట్ట) కోసం ఐదొందలు అడ్వాన్స్ కట్టిన నలుగురికి ముందే చెప్పేస్తున్నాను. ఆ డెక్‌ను ఇప్పుడున్నది ఉన్నట్టు అమ్మడం లేదు. డబ్బు వెనక్కి కావాలంటే షాపుకి రండి, నిలబడ్డ చోటే ఇచ్చేస్తాను. ఆగుతామంటే మార్చిన డెక్ ఇస్తాను, రేటు కూడా తగ్గించాను. ఎందుకనేది కొంచెం పొడుగ్గానే రాశాను. తప్పు నాది కాబట్టి సగం చెప్పి వదిలేయబుద్ధి కాలేదు.

కొత్తవాళ్ళ కోసం ఒక ముక్క. అనంతపురం టవర్ క్లాక్ దగ్గర సందులో నోటు పుస్తకాలు, పెన్నులు, గిఫ్ట్ సామాన్లు అమ్ముకునే షాపు మాది. రెండేళ్ళుగా పోకెమాన్ కార్డులు కూడా పెడుతున్నాం. మేడ మీద స్టాకు గది ఖాళీ చేసి, ఆదివారం పిల్లలకు టోర్నమెంట్ జరుపుతున్నాం. ఎంట్రీ వంద, గెలిచినవాళ్ళకు ప్యాకెట్లు. ఇది అఫీషియల్ పోటీ కాదు. అందుకే పాత సెట్, కొత్త సెట్ అని చూడం, కార్డు ఒరిజినల్ అయితే చాలు.

"మాకు డెక్ కట్టడం రాదు, మీరే ఒకటి కట్టివ్వండి సార్" అని చాలామంది తల్లిదండ్రులు అడుగుతుంటే రెడీమేడ్ డెక్ ఆలోచన వచ్చింది. చారిజార్డ్ అంటే ఏ పిల్లాడైనా చేయి చాపుతాడు కాబట్టి ఆ పేరుతో వచ్చే బలమైన కార్డు, చారిజార్డ్ ఈఎక్స్‌తోనే కట్టాను. రేటు 1,800. "ఇది పట్టుకుపోతే మీవాడు మొదటి ముగ్గురిలో ఉంటాడు" అని కౌంటర్ దగ్గర నేనే అన్నాను, ఒకరితో కాదు, చాలామందితో. అప్పటికి ఆ డెక్‌తో వేరే మనిషి మీద ఒక్క ఆట కూడా ఆడలేదు. రాత్రి షట్టర్ దించాక అటూ ఇటూ నేనే కూర్చుని ఆడుకున్నాను. రెండు చేతులూ నావే, ఎవరు గెలిచినా షాపే గెలిచినట్టు. కాకి పిల్ల కాకికి ముద్దు అన్న మాట అప్పుడు గుర్తు రాలేదు.

మొన్న ఆదివారం పదకొండు మంది వచ్చారు. మనది స్విస్ పద్ధతి. ఓడినవాళ్ళు ఇంటికి పోరు, ఒకే స్కోరు ఉన్నవాళ్ళు తర్వాతి రౌండులో ఒకరితో ఒకరు ఆడతారు. బేసి సంఖ్య వస్తే ఒకరికి ఆడకుండానే గెలుపు ఇచ్చి కూర్చోబెట్టాలి. ఎంట్రీ కట్టి వచ్చిన పిల్లాడిని ఊరికే కూర్చోబెట్టడం ఎందుకని పన్నెండో మనిషిగా షాపు డెక్ తీసుకుని నేనే కూర్చున్నాను. పన్నెండు మందికి నాలుగు రౌండ్లు. కార్డులు ఎగిరిపోతున్నాయని ఫ్యాను ఆపేశాం, చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

మొదటి రౌండులో ఏడు కార్డులు తీశాను. బేసిక్ పోకెమాన్ (చేతిలోంచి నేరుగా దించగలిగేది) ఒక్కటీ లేదు. ఆటలో దించడానికి కనీసం ఒక బేసిక్ ఉండాలి, లేకపోతే చేయి ఎదుటివాళ్ళకు చూపించి, కలిపి, మళ్ళీ ఏడు తీయాలి. దాన్నే మలిగన్ అంటారు. మనం అలా తీసిన ప్రతిసారీ ఎదుటివాళ్ళు కావాలంటే ఒక కార్డు ఎక్కువ తీసుకోవచ్చు. రెండోసారి తీశాను, లేదు. మూడోసారి వచ్చింది. ఈలోగా ఇంటర్ చదివే అబ్బాయి తొమ్మిది కార్డులతో నవ్వుతూ కూర్చున్నాడు.

తర్వాత లెక్క వేసి చూసుకున్నాను. 60 కార్డుల డెక్‌లో నేను పెట్టిన బేసిక్‌లు 8. మొదటి ఏడు కార్డుల్లో ఒక్కటీ రాకపోయే అవకాశం దాదాపు 35 శాతం. అంటే మూడు ఆటల్లో ఒకటి వెనకబడే మొదలవుతుంది. అదే 12 పెడితే 19 శాతానికి వస్తుంది. ఈ లెక్క డెక్ కట్టే ముందే వేసి ఉండాల్సింది.

ఆ టెన్షన్‌లోనే ఇంకో పని చేశాను. చారిజార్డ్‌కు బేసిక్ అయిన చార్మాండర్‌ను అప్పుడే దించి, అదే టర్న్‌లో దాని మీద మధ్య దశ దాటించే రేర్ క్యాండీ కార్డు వేసి నేరుగా చారిజార్డ్ పెట్టేశాను. ఆ అబ్బాయి మర్యాదగా, "అన్నా, ఒకసారి కార్డు చదువు" అన్నాడు. మొదటి టర్న్‌లోనూ, ఈ టర్న్‌లోనే దింపిన బేసిక్ మీదా వాడకూడదని ఆ కార్డు మీదే రాసి ఉంది. అక్కడ జడ్జిని కూడా నేనే. నా తప్పుకి నేనే జడ్జిమెంట్ చెప్పుకుని కార్డు వెనక్కి తీసుకున్నాను. ఓడిపోయాను.

రెండో రౌండ్ గురించే అసలు చెప్పాలి. ఎదురుగా ఆరో తరగతి పాప. ఈసారి నాకు కార్డులు బ్రహ్మాండంగా వచ్చాయి. చారిజార్డ్ ఈఎక్స్‌కు 330 హెచ్‌పీ, అంటే అంత దెబ్బ తింటేనే పోతుంది. చిన్నదాని మీద చేతిలోంచి దాన్ని పెట్టి ఎవాల్వ్ చేసినప్పుడు డెక్‌లోంచి మూడు ఫైర్ ఎనర్జీలు (దెబ్బ కొట్టడానికి కావలసిన కార్డులు) తెచ్చి మన పోకెమాన్లకు తగిలించుకోవచ్చు. మూడూ చారిజార్డ్‌కే పెట్టాను. రెండు చాలు, కానీ చూడ్డానికి బాగుంటుంది కదా.

ఆ పాప ముందు ఉన్నది టీల్ మాస్క్ ఓగర్‌పాన్ ఈఎక్స్, గ్రాస్ రకం, 210 హెచ్‌పీ, మూడు ఎనర్జీలు. చారిజార్డ్ దెబ్బ 180. మన పోకెమాన్‌ను పడగొట్టి ఎదుటివాళ్ళు తీసుకున్న ఒక్కో ప్రైజ్ కార్డుకి ఇంకో 30 కలుస్తుంది. పాప అప్పటికి ఒక్క ప్రైజ్ కూడా తీసుకోలేదు. 180 కొట్టాను, 30 మిగిలింది.

ఆ తర్వాత పాప వేళ్ళతో లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఓగర్‌పాన్ దెబ్బ 30, దాని మీద ఇద్దరి యాక్టివ్ (ముందు నిలబడి కొట్లాడే) పోకెమాన్లకూ ఉన్న ఒక్కో ఎనర్జీకి 30 చొప్పున. దానివి మూడు, నావి మూడు. మొత్తం 210. చారిజార్డ్‌కు గ్రాస్ అంటే వీక్‌నెస్, కాబట్టి రెట్టింపు, 420. నేను గొప్పకి పెట్టిన మూడో ఎనర్జీ కూడా నా నెత్తినే పడింది. రెండే పెట్టినా 360 వచ్చేది, ఎట్లాగూ పోయేదే అనుకోండి. ఈఎక్స్ పోతే రెండు ప్రైజులు. ఆరు ప్రైజులు తీసుకున్నవాళ్ళు గెలిచినట్టు. అక్కడి నుంచి ఆట పది నిమిషాలు కూడా సాగలేదు.

కార్డులు సర్దుకుంటూ ఆ పాప అన్న మాట: "ఏంటికన్నా చారిజార్డ్‌ని ఫస్టే దింపితివి? ముందు చిన్నదాన్ని ఒకటి నాకు ఇచ్చేసింటే నీకు 210 వచ్చేది కదా. నాది ఒక్క దెబ్బకే పోయేది." నిజమే. ఒక చిన్న పోకెమాన్‌ను పోగొట్టుకుని ఒక ప్రైజ్ ఇచ్చి ఉంటే 180కి 30 కలిసి సరిగ్గా 210. డెక్ కట్టినవాడిని నేను, దాన్ని ఎలా ఆడాలో చెప్పింది ఆ పాప.

మధ్యలో ఉగ్గాని, బజ్జీలు వచ్చాయి. చేతులు కడుక్కోకుండా ఎవరూ కార్డులు ముట్టుకోకూడదని మా ఆవిడ మెట్ల దగ్గర కాపలా.

మూడో రౌండు నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది. తొమ్మిదో తరగతి అబ్బాయి రెండు మూడు టర్న్‌లు చూసి, "అన్నా, నీ డెక్‌లో పైన ఏ కార్డు ఉందో నాకు తెలిసిపోతోంది" అన్నాడు. చూస్తే నిజమే. మెరిసే కార్డులు ఖరీదైనవని వాటికి కొత్త ప్లాస్టిక్ స్లీవ్‌లు, మిగతావాటికి పాత స్టాకు స్లీవ్‌లు తొడిగాను. రెండూ నలుపే, కానీ పాతవాటి అంచులు తెల్లబడ్డాయి. పైగా ఫాయిల్ కార్డులు విల్లులా వంగాయి. మన ఊరి పొడి గాలికి కాగితం పొరలో తడి ఆరి ముడుచుకుంటుంది, ఫాయిల్ పొర ముడుచుకోదు. అందుకే ఆ వంపు. ఏ కార్డో వెనక నుంచే తెలిసిపోతే దాన్ని మార్క్‌డ్ కార్డు అంటారు, పెద్ద పోటీల్లో పెనాల్టీ పడుతుంది. ఇదే తప్పుకి మూడు వారాల కింద ఒక పిల్లాడికి నేనే ఆట ఓటమి ఇచ్చాను. కాబట్టి ఆడకుండానే మూడో రౌండ్ ఆ అబ్బాయికి రాసేశాను. ఆ పాత పిల్లాడికి ఆ రోజు ఎంట్రీ డబ్బు కూడా తిరిగిచ్చాను. అప్పుడు వాడికి స్లీవ్‌లు అమ్మింది నేనే మరి.

నాలుగో రౌండ్ గెలిచాను, స్లీవ్‌లన్నీ మార్చాక. ఎదురుగా మొదటిసారి వచ్చిన పిల్లాడు, రెండుసార్లు ఎనర్జీ పెట్టడం మర్చిపోయాడు. దాన్ని గెలుపు అనుకోవడానికి మనసు ఒప్పలేదు.

ఆ స్లీవ్‌లు మార్చేటప్పుడే ఇంకోటి బయటపడింది. రెండు కార్డుల వెనక నీలం మిగతావాటికంటే పాలిపోయి ఉంది. రాత్రి ఒకదాన్ని చించి చూశాను. ఒరిజినల్ కార్డుకి మధ్యలో సన్నటి నల్ల పొర ఉంటుంది. దీనికి లేదు, తెల్లగా అట్టముక్కలా ఉంది. బెంగళూరు నుంచి విడి కార్డులు లాటుగా కొన్నప్పుడు వచ్చినవి. ఇచ్చిన మనిషితో మాట్లాడుతున్నాను, అది మా ఇద్దరి గొడవ. కానీ ఒరిజినల్ అయితేనే రండి అని బోర్డు పెట్టిన షాపు డెక్‌లోనే నకిలీలు ఉండటం మాత్రం నా నిర్లక్ష్యం. జనవరి నుంచి మా దగ్గర విడి కార్డులు కొన్నవాళ్ళు తెచ్చి చూపించండి, నకిలీ అని తేలితే మార్చి ఇస్తాను. చించకండి, లైటుకి పెట్టి పక్కన మంచి కార్డుతో పోల్చి చూస్తే చాలావరకు తెలుస్తుంది.

ఇక డెక్ సంగతి. అందులో 14 ఎనర్జీలు పెట్టాను. నిజం చెప్పాలంటే ఆటకి కావలసి కాదు. ఎనర్జీ కార్డులు మా దగ్గర డబ్బాలకొద్దీ మూలుగుతున్నాయి, నాకు దాదాపు ఊరికే వచ్చినట్టు. ఖరీదైన కార్డుల చోట అవి పెడితే నాకు మిగులుతుంది. చారిజార్డే డెక్‌లోంచి మూడేసి లాగుతుంటే చేతిలో అన్ని ఎనర్జీలు అడ్డం తప్ప ఉపయోగం లేదు. ఇప్పుడు వాటిని 9 చేశాను. మిగిలిన అయిదు చోట్లలో నాలుగు బేసిక్‌లు, ఒక బాసెస్ ఆర్డర్స్ (ఎదుటివాళ్ళ వెనక పోకెమాన్‌ను ముందుకు లాగే కార్డు) పెట్టాను. స్లీవ్‌లు అన్నీ ఒకే ప్యాకెట్‌వి. రేటు 1,500. నాకు మిగిలేది బాగా తగ్గింది, అయినా నష్టం లేదు.

గ్రాస్ వీక్‌నెస్‌కు నేను చేయగలిగింది లేదు, అది కార్డు మీద అచ్చయి ఉంది. గ్రాస్ డెక్ ఎదురైతే ఎలా ఆడాలో ఆ పాప చెప్పినదే చీటీ మీద రాసి డబ్బాలో పెడుతున్నాను. మొదటి ముగ్గురిలో ఉంటాడు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

వచ్చే రెండు ఆదివారాలు ఈ డెక్‌ను షాపు తరఫున పిల్లలే ఆడతారు, వాళ్ళకి ఎంట్రీ లేదు. సగం ఆటలైనా గెలిస్తేనే అమ్మకానికి పెడతాను. నేను ఇక పోటీలో కూర్చోను. బేసి వస్తే బై (ఆడకుండానే గెలుపు) ఇచ్చేస్తాం, ఆ పిల్లాడికి ఒక ప్యాకెట్ చేతిలో పెడతాం. జడ్జి పని ఇద్దరు ఇంటర్ అబ్బాయిలు చూస్తామన్నారు.

అడ్వాన్స్ కట్టినవాళ్ళలో ఇద్దరు నిన్ననే డబ్బు తీసుకున్నారు. ఒకాయన ఆగుతానన్నారు. నాలుగో ఆయన ఫోన్ కలవడం లేదు. నంబరులో ఒక అంకె నేనే తప్పు రాసుకున్నట్టున్నాను. ఎర్ర స్కూటీ మీద పాపతో వచ్చి, పెన్సిల్ బాక్సు కూడా కొన్నారు. మీ ఐదొందలు కౌంటర్ డ్రాయర్‌లో కవర్లో పెట్టి ఉంచాను. నేను లేకపోయినా మా ఆవిడని అడగండి.