గేటు దగ్గరి అమ్మకి, ఆ తర్వాత మీ అందరికీ

నిన్న లోక్‌సభ ఎన్నికలు. సాయంత్రం ఆరింటికి పోలింగ్ కేంద్రం గేటు మూసేశారు. అప్పటికే లైన్లో ఉన్నవాళ్లందరూ ఓటేసి బయటికి వచ్చేదాకా ఉండి, ఇంటికొచ్చి బట్టలైనా మార్చుకోకుండా పడిపోయాను. ఇవాళ మధ్యాహ్నం దాకా లేవలేదు. గ్రూపులో అందరూ ‘థాంక్స్ నువ్వే రాయి’ అంటున్నారు కాబట్టి రాస్తున్నాను. వరుస తప్పినా, ఎవరి మాటైనా మరిచిపోయినా మన్నించండి. కాళ్లు ఇంకా లాగుతూనే ఉన్నాయి.

మమ్మల్ని ఎరగనివాళ్లకి రెండు ముక్కలు. మేం హైదరాబాద్‌లో ఒకే కాలనీలో ఉండే పదిహేను మందిమి. ఏ పార్టీ వాళ్లమూ కాదు. ఎవరికి వేయాలో ఏ గుమ్మంలోనూ చెప్పలేదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో హైదరాబాద్ నియోజకవర్గంలో పోలింగ్ 45 శాతానికి కూడా చేరలేదు. ఆ అంకె మనసులో ముల్లులా ఉండిపోయింది. నిరుడు వేసవిలో ఒకరికొకరం చెప్పుకుని, ఆదివారాలు ఇంటింటికీ తిరగడం మొదలుపెట్టాం.

తిరిగితేనే తెలిసింది, ఓటు వేయనివాళ్లందరికీ బద్ధకం కాదని. ‘కార్డు ఉంది కదండీ’ అని ధీమాగా ఉండేవాళ్లే ఎక్కువ. కార్డు ఒక్కటే ఉంటే చాలదు, జాబితాలో పేరు ఉండాలి అని ఏడాదిలో ఎన్ని వందల సార్లు చెప్పామో. ఇల్లు మారినవాళ్లు ఫారం 6 నింపుకుని కూర్చుంటే, అది కొత్త ఓటర్లకి, మీకు కావాల్సింది ఫారం 8 అని మళ్లీ మొదటి నుంచి నింపించాం. పద్దెనిమిదేళ్లు నిండటానికి జనవరి 1 ఒక్కటే లెక్క కాదు, ఏప్రిల్, జూలై, అక్టోబర్ ఒకటో తేదీలు కూడా లెక్కేనని, పదిహేడు నిండితే ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చని చెబితే కాలేజీ పిల్లలు నమ్మలేదు. ఫోన్లో వెతికి చూసుకుని, అప్పుడు ఫారాలు అడిగారు. నవంబర్ 30న అసెంబ్లీ ఎన్నికలు అయ్యాయి. మళ్లీ ఏప్రిల్ 15 దాకా, అంటే ఈ ఎన్నికకి పేరు చేర్చుకునే ఆఖరి రోజు దాకా, అదే పని.

ఇక నిన్న. 2024 మే 13, సోమవారం. అంతకు ముందు రెండో శనివారం, ఆదివారం. వరసగా మూడు రోజులు సెలవులు. అదే రోజు ఆంధ్రాలోనూ పోలింగ్. శుక్రవారం రాత్రి నుంచే కాలనీ ఖాళీ అవుతూ వచ్చింది. సొంతూరికి వెళ్లి ఓటు వేసినవాళ్లకి నేను దండం పెడతాను. నా బాధంతా ఇంట్లోనే ఉండి కిందికి దిగనివాళ్ల గురించి.

మధ్యాహ్నం రెండు దాటింది. కాలనీ చివర ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. పొద్దుటి నుంచి అక్కడికి వెళ్లడం మూడోసారి. మా లిస్టులో ఆ ఒక్క బిల్డింగ్‌వే ముప్పైకి పైగా ఓట్లు ఉంటే, ఓటేసినట్టు టిక్కు పడినవి ఆరో ఏడో. రెండో అంతస్తులో ఒకాయన తలుపు సగం తీసి, ‘ఇలా తిరిగినందుకు మీకు ఎంత ఇస్తారమ్మా?’ అని అడిగారు. నోట మాట రాలేదు. మెట్లు దిగి వచ్చేసరికి కళ్లు తిరిగాయి. గేటు పక్క గోడ పట్టుకుని నిలబడ్డాను.

వాచ్‌మన్ గారి భార్య చూశారు. ఏమైందని కూడా అడగలేదు. ‘ముందు కూకోండమ్మా’ అని తమ గదిలోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశారు. చెంబుతో నీళ్లిచ్చారు. నేను తాగాక, ఆ తడిచేత్తోనే నా నుదురు తుడిచారు. మా అమ్మ పోయాక నా నుదుటి మీద అలా ఎవరూ చెయ్యి వేయలేదు.

తర్వాత నా ఒళ్లో ఉన్న కాగితాలు తీసుకున్నారు. ‘అచ్చరాలు రావమ్మా, నంబర్లయితే తెలుస్తాయి. టిక్కు పడనోళ్లే కదా రావాల?’ అన్నారు. వద్దనేలోపే మెట్లెక్కి వెళ్లిపోయారు. పనివాళ్లు లిఫ్టు వాడకూడదని అక్కడ కాగితం అంటించి ఉంది. ఐదో అంతస్తు దాకా నడిచే వెళ్లి, అక్కడి నుంచి ఒక్కో ఫ్లాటు బెల్లు కొడుతూ కిందికి వచ్చారు. ప్రతి గుమ్మంలో ఏం చెప్పారో నాకు తెలియదు. గంటలో పద్నాలుగు మంది దిగారు. నన్ను ఎంత ఇస్తారని అడిగినాయన కూడా దిగారు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

కాగితాలు తిరిగి నా చేతికిస్తుంటే అడిగాను, ‘మీరు ఓటు వేసేశారా?’ అని.

‘మా ఓట్లు శ్రీకాకుళం కదమ్మా. ఆయన్ని పంపించినాను. ఇద్దరం ఎల్లిపోతే గేటు కాడ ఎవులుంటారు?’

ఆ కుర్చీలోనే కూర్చుని ఏడ్చేశాను. ఆవిడేమో నాకు మళ్లీ కళ్లు తిరిగాయనుకుని ఇంకో చెంబు నీళ్లు తెచ్చారు.

ఆరేళ్లుగా ఆ కుటుంబం ఆ గేటు పక్క గదిలో ఉంటోందట. ఈ ఏడాదిలో మేం ఆ గేటు దాటి పదిసార్లైనా పైకి వెళ్లి ఉంటాం. ప్రతిసారీ గేటు తీసింది ఆవిడే. మీ ఓటు ఎక్కడుందని ఒక్కసారి కూడా మేం అడగలేదు. మా లిస్టు ఫ్లాటు నంబర్ల ప్రకారం తయారు చేసుకున్నది. ఆ గదికి నంబరు లేదు. ఎక్కడ నివాసం ఉంటే అక్కడికి ఓటు మార్చుకోవచ్చని కాలనీ అంతా చెప్పుకుంటూ తిరిగాం, గేటు దగ్గర మాత్రం ఆగలేదు. నిన్న చెప్తే, ఊళ్లో పేరు తీసేస్తే రేషన్ కార్డు పోతుందంటారు కదా అని భయపడ్డారు. ఆ రెండింటికీ సంబంధం లేదని చెప్పాను. ‘ఆయనొచ్చాక అడుగుతాను’ అన్నారు. ఊళ్లోనే ఉంచుకుంటామంటే అదీ వాళ్ల ఇష్టమే. కానీ అడగాల్సింది మేం. పోలింగ్ రోజు జీతం కోయకుండా సెలవు ఇవ్వాలని ప్రజాప్రాతినిధ్య చట్టంలో ఉంది. ఆవిడకి అసలు జీతమే లేదు. జీతం ఆయనకి, గేటు ఇద్దరికీ.

అమ్మా, పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు. మీ అమ్మాయి ఇది చదివి వినిపిస్తుందని రాస్తున్నాను. నిన్న మీరు తుడిచింది నా నుదురు ఒక్కటే కాదు. ఆ మధ్యాహ్నం ఇంటికి వెళ్లిపోయి, ఇంకెప్పుడూ ఈ పనికి రాకూడదని నిశ్చయించుకున్నాను. మీ వల్లే సాయంత్రం దాకా ఉన్నాను.

ఇందులో ఫిర్యాదులు రాయకూడదనుకున్నాను, కానీ చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మా వీధిలో ఎనభై రెండేళ్ల పెద్దాయన నవంబర్‌లో ఇంటి నుంచే ఓటు వేశారు. ఎంత సంబరపడ్డారో. ఈసారి దానికి పెట్టుకునే ఫారం 12డి కోసం వెళ్తే, వయసు 80 నుంచి 85కి పెంచారని చెప్పారు. ఆర్నెల్ల కిందట ఇచ్చిన సదుపాయం ఇప్పుడు ఎందుకు లేదో ఆయనకి మేం ఏమని చెప్పాలి? ఇంకో ఇంట్లో భార్య పేరు ఉంది, భర్త పేరు లేదు. తీసేస్తున్నట్టు ఒక్క నోటీసూ అందలేదు. ఇరవై ఏళ్లుగా అదే ఇంట్లో ఉన్న మనిషి, నవంబర్‌లో ఓటు వేసిన మనిషి, గంటసేపు లైన్లో నిలబడి వేలికి సిరా లేకుండా వెనక్కి వచ్చారు. ముందే చూసుకోవాల్సింది అన్నారట లోపల. ఆయన తప్పేముంది? ఈసారీ హైదరాబాద్ సగానికి చేరలేదని వార్తల్లో చెబుతున్నారు. ఆ చేరనివాళ్లలో ఇలాంటివాళ్లు ఎందరున్నారో ఎవరైనా లెక్కపెడితే బాగుండు.

ఇంట్లోవాళ్ల గురించి వేరే చెప్పక్కర్లేదు. మా ఆయన, అత్తయ్య, పిల్లలు ఏడాది ఆదివారాలు నన్ను వదిలేశారు. మా పదిహేను మందికీ ఒకరికొకరం థాంక్స్ చెప్పుకునే అలవాటు లేదు.

ఇంకా ఆ పెద్దాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి రెండంతస్తులు దింపి, మళ్లీ ఎక్కించిన నలుగురు డిగ్రీ కుర్రాళ్లు. మా బీఎల్‌ఓ, అంటే మా బూత్ ఓటర్ల జాబితా చూసే అంగన్‌వాడీ టీచర్ గారు. తన పని ముగించుకుని రాత్రి తొమ్మిదింటికి కూడా మా ఫోన్లు ఎత్తి పార్ట్ నంబరు, సీరియల్ నంబరు చెప్పారు. పోలింగ్ కేంద్రం బయట ముసలివాళ్ల కోసం బెంచీ తెచ్చి వేసిన ఇస్త్రీ బండి ఆయన. ఓటరు స్లిప్పు ఒక్కటే చూపిస్తే కుదరదని తెలిసి, ఆధార్ కార్డు కోసం ఇంటికి పరుగెత్తి మళ్లీ వచ్చి లైన్లో నిలబడిన ఎదురింటి అక్క. ఆవిడ సాయం చేసినట్టు కాదేమో గానీ, నాకు మాత్రం చేసినట్టే.

పోస్టు పెట్టేయబోతుంటే గుర్తొచ్చింది, జెరాక్స్ షాపు తమ్ముడు. ఏడాదిగా ఫారాలన్నీ తీసిపెట్టి, డబ్బులిస్తుంటే ‘తర్వాత చూద్దాం లెండక్కా’ అంటూనే ఉన్నావు. రేపు పొద్దున షాపు తీసే వేళకి వస్తాను, లెక్క రాసి పెట్టు. ఫారం 8 కూడా రెండు తీసి ఉంచు, ఆయన ఊరి నుంచి వస్తున్నారట.