సొంతూరికి కెమెరా తీసుకెళ్ళిన టీచరమ్మ

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

యూనిట్ టెస్టు మార్కులు ప్రోగ్రెస్ కార్డుల్లో పంపించాం. వాటి సంగతి పేరెంట్స్ మీటింగులో మాట్లాడుకుందాం. ఈ నెల లేఖ మాత్రం ఒక టీచరమ్మ గురించి. ఎనిమిదో తరగతి పిల్లలు వారం రోజులుగా ఫోన్ ఇమ్మని మీ ప్రాణం తీస్తున్నారంటే కారణం ఆవిడే.

పేరు సఫీ ఫాయ్. ఆఫ్రికాకు పడమటి కొసన ఉన్న సెనెగల్ దేశస్థురాలు. 1943లో రాజధాని డకార్‌లో పుట్టారు. వాళ్ళ కుటుంబం సెరేర్ జాతివారు. సొంతూరు డకార్‌కు దక్షిణాన ఫాద్‌జల్ అనే పల్లె. టీచర్ ట్రైనింగ్ అయ్యాక డకార్‌లోనే బడిలో పాఠాలు చెప్పారు. 1966లో అక్కడ నల్లజాతి కళల ఉత్సవం జరిగినప్పుడు జాన్ రూష్ అనే ఫ్రెంచి దర్శకుడితో పరిచయమైంది. ఆయన సినిమాలో వేషం కూడా వేశారు. ఆ సినిమా తనకు నచ్చలేదని తర్వాత మొహమాటం లేకుండా చెప్పేశారు గానీ, కెమెరాతో పని ఎలా చేయాలో అక్కడే చూసి నేర్చుకున్నారు. ఆ పైన పారిస్ వెళ్ళి ఇటు మానవజాతుల శాస్త్రం, అటు సినిమా, రెండూ చదివారు.

అంత చదువుకున్న మనిషి తొలి పెద్ద సినిమా తీయడానికి ఎక్కడికి పోయారంటే, మళ్ళీ తమ ఊరికే. 1975లో వచ్చిన ఆ బ్లాక్ అండ్ వైట్ సినిమా పేరు 'కద్దు బేకత్'. రైతు మాట అని అర్థం. తీసింది మూడు వారాల్లో. నటులంటూ వేరే ఎవరూ లేరు, అందరూ ఊరివాళ్ళే. సహారా ఎడారికి దిగువనున్న ఆఫ్రికాలో ఒక స్త్రీ తీసిన పూర్తి నిడివి సినిమా థియేటర్లకు వెళ్ళడం అదే మొదలు.

కథ చెబితే మీకు కొత్తగా అనిపించదు. ఎన్గోర్ అనే కుర్రాడు కుంబా అనే అమ్మాయిని పెళ్ళాడాలి. అక్కడ కన్యాశుల్కం మగవాడు ఇవ్వాలి. ఊరంతా వేసేది శనక్కాయే. ఫ్రెంచి పాలకులు అలవాటు చేసిన పంట అది. వాన లేదు, పంట పోయింది, పెళ్ళి ఆగింది. కుర్రాడు పని వెతుక్కుంటూ డకార్ పోతాడు. అసెంబ్లీలో నేనిది చెబుతుంటే వెనక వరుసలోంచి ఒక పిల్లవాడు, "మేడమ్, మా నాయన బెంగళూరు పోయినట్టు" అన్నాడు. మన అనంతపురం పిల్లలకు అంతకంటే వివరించాల్సిన పని లేకపోయింది.

ఆ సినిమాలో పెద్దవాళ్ళు చెట్టు కింద కూర్చుని పంట గురించి, పన్నుల గురించి ఉన్నదున్నట్టు మాట్లాడతారు. అది అక్కడి ప్రభుత్వానికి మింగుడు పడలేదు. సినిమాను సెనెగల్‌లో నిషేధించారు. బెర్లిన్‌లో మాత్రం అవార్డు వచ్చింది. అవార్డు సంగతి అలా ఉంచండి. సఫీ ఫాయ్ తాతగారు కూడా అందులో ఉన్నారు. షూటింగ్ ముగిసిన పదకొండు రోజులకు ఆయన పోయారు. సినిమాను ఆయనకే అంకితమిచ్చారు. నాకైతే ఆ పదకొండు రోజులే మనసులో ఉండిపోయాయి.

తర్వాత 1979లో ఊరి పేరుతోనే 'ఫాద్‌జల్' తీశారు. ఊరి చరిత్రను పెద్దలు పిల్లలకు చెప్పడం అందులో ఉంటుంది. అదే ఏడు డాక్టరేట్ పూర్తి చేశారు. భర్త ఊరు వదిలి పోతే ఎనిమిది మంది పిల్లలను సాకిన సెల్బే అనే తల్లి మీద ఒక చిన్న డాక్యుమెంటరీ తీశారు. 1996లో 'మొసాన్' వచ్చింది. 2023 ఫిబ్రవరిలో పారిస్‌లో కన్నుమూశారు.

ఇక ఫోన్ల సంగతి. పిల్లలు ఇంట్లో అవ్వనో తాతనో పది నిమిషాలు మాట్లాడించి రికార్డు చేయాలి. ఇదే మేమిచ్చిన ప్రాజెక్టు. మొదట వచ్చిన వీడియో చూశాను. ఫోన్ కనబడగానే ఆ అవ్వ కొంగు సర్దుకుని, రేడియోలో వార్తలు చదివినట్టు, "మా కాలంలో అందరూ సంతోషంగా ఉండేవారు" అని మొదలుపెట్టింది. పక్కనుంచి ఎవరో అందిస్తున్నారు కూడా, "పండగల గురించి చెప్పు, పండగల గురించి" అని. నాలుగు నిమిషాలు అలాగే గడిచింది. ఆ తర్వాత ఎవరో చేట తెచ్చి ముందు పెట్టారు. అవ్వ శనక్కాయలు వలవడంలో పడి ఫోన్ మరిచిపోయింది. అప్పుడొచ్చింది అసలు మాట: విత్తనాలకని దాచిన కాయలు ఒక కరువేడు పిల్లలకు ఉడకబెట్టి పెట్టేసిందట, ఆ మాట తాతకు చెప్పడానికి రెండు రోజులు భయపడిందట. మాట మధ్యలో కాయలు చిట్లే చప్పుడు చక్కగా వినబడుతోంది.

అందుకని మీకు రెండు మనవులు. అవ్వాతాతలకు ఏం చెప్పాలో మీరు నేర్పకండి. వాళ్ళు చేస్తున్న పని ఆపించకండి. టీవీ మాత్రం కట్టేయండి.

ఫోన్లు బడికి పంపొద్దు. రెండో శనివారం లోపు వీడియోను క్లాస్ టీచరుకు వాట్సాప్ చేస్తే చాలు. ఇంట్లో పెద్దవాళ్ళు లేని పిల్లలుంటే మాకు చెప్పండి, మన బడి ఆయమ్మ మాట్లాడతానంటోంది. ఇరవై ఏళ్ళు కాయ కోతకు కూలికి పోయిన మనిషి. "పది నిమిషాలేం సరిపోతాయి మేడమ్" అని ఇప్పటికే నాతో గొడవ పెట్టుకుంది.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు