గ్రాంట్ల మంజూరు సంఘం అధ్యక్షుల వారికి బహిరంగ లేఖ

అయ్యా,

ఈ ఏడాది స్వచ్ఛంద సంస్థలకు, యువజన కార్యక్రమాలకు మీ ఫౌండేషన్ ప్రకటించిన గ్రాంట్లను చూసి, సాయంత్రం వేళ పిల్లలకు చదువు, ఆటలు నేర్పే ఒక చిన్న సంస్థ కార్యకర్తగా మనస్ఫూర్తిగా సంతోషించాను. అయితే నిధులిచ్చే పద్ధతి గురించి ఒక విన్నపం.

గ్రాంటు సొమ్ముతో పుస్తకాలు, ఆట సామగ్రి కొనవచ్చు గానీ, పిల్లల పక్కన కూర్చుని నేర్పే మనిషి జీతానికి, గది అద్దెకు వాడరాదన్న నిబంధన వల్ల, బీరువా నిండా సామగ్రి ఉండి బోధించేవారు లేని పరిస్థితి మాకు ఒకసారి ఎదురైంది. మా బోధకురాలు వెళ్లిపోయాక, ఆమెను నమ్ముకుని వచ్చిన పిల్లల్లో కొందరు మళ్లీ రాలేదు. ఆ వయసు వారికి ఒక పెద్ద మీద నమ్మకం కుదరడానికే నెలలు పడుతుంది. ఏడాది గ్రాంటు అప్పటికే ముగింపుకొస్తుంది. కనుక నిర్వహణ ఖర్చులు కూడా కలిపి, కనీసం 3 ఏళ్లకు మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను.

1914లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఫ్రెడరిక్ గాఫ్ అనే బ్యాంకరు, పలువురు దాతల సొమ్మును ఒకచోట చేర్చి ఆ ఊరి అవసరాలకు ఇచ్చే తొలి సామాజిక ఫౌండేషన్‌ను నెలకొల్పింది, గతించిన దాతల షరతులు కొత్త అవసరాలకు అడ్డుపడకూడదనే. ఆ వెసులుబాటు సొమ్ము అందుకునే సంస్థలకూ కొంత దక్కాలి.

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో కెలాగ్ ఫౌండేషన్ అనే దాతృత్వ సంస్థ ప్రోత్సాహంతో ఏర్పడిన యువ సలహా సంఘాల్లో హైస్కూలు విద్యార్థులే దరఖాస్తులు చదివి గ్రాంట్లు సిఫారసు చేస్తారు. మీ సంఘంలోనూ వచ్చే విడత నుంచి ఇద్దరు యువతీయువకులకు ఓటు హక్కుతో చోటివ్వండి.

ఇట్లు,
ఒక యువజన కార్యకర్త