ఆ శ్లోకంలో బడిపిల్లలు లేరు

సంపాదకుడు గారికి,

గుంజీళ్లు తీయించడంతో పిల్లలు ఆస్పత్రి పాలయ్యారని పోయిన వారం జిల్లా పేజీలో వార్త వేశారు. మర్నాడు 'విచారణకు ఆదేశించాం' అని అధికారుల మాట కూడా వచ్చింది. ఆ తర్వాత చప్పుడు లేదు. నాలుగు రోజులు ఆగి చూసి ఇక ఉండబట్టలేక రాస్తున్నాను.

మా మనవడు మొన్నటిదాకా ఏడో తరగతి, ప్రైవేటు బడి. జనవరిలో, సంక్రాంతి సెలవులయ్యాక ఒకరోజు సాయంత్రం ఆటో దిగి, గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ పక్కకు తిరిగి ఎక్కాడు. ఆటలో పడ్డాడేమో అనుకున్నాం. తెల్లారి బాత్రూంలో కూర్చోలేక ఏడిస్తే అసలు సంగతి తెలిసింది. క్లాసులో ఎవరో ఈల వేశారట. ఎవరో చెప్పలేదని 42 మందికీ తలా 150 గుంజీళ్లు. లెక్క తప్పితే మళ్లీ ఒకటి నుంచి. తొడలు ముట్టుకోనిస్తే ఒట్టు. ఈల వేసిందెవర్రా అని నేనూ అడిగాను. "చెప్పను తాతయ్యా, తెలిస్తే వాళ్ల నాన్న ఇంకా కొడతాడు" అన్నాడు. పన్నెండేళ్లవాడికి ఉన్న ఇంగితం ఆ మాస్టారికి లేకపోయింది.

బడికి వెళ్లి అడిగాను. "దండం దశగుణం భవేత్ అన్నారు కదండీ, తెలుగు మాస్టారు మీకు తెలియదా?" అన్నారు ప్రిన్సిపాల్ గారు. 31 ఏళ్లు తెలుగు చెప్పాను, ఆ శ్లోకం మొత్తం నాకు తెలుసు. పక్షులు, కుక్కలు, శత్రువులు, పాములు, పశువులు, బురద, నీళ్లు, గుడ్డితనం, చీకటి, ముసలితనం. కర్ర పనికొచ్చే పది చోట్లు ఇవి. అందులో బడిపిల్లలు లేరు. చివరి ముక్క ఒక్కటి పట్టుకుని ఎన్ని తరాల పిల్లల్ని బాదామో! నేనూ ఉద్యోగంలో చేరిన కొత్తలో బెత్తం పట్టినవాణ్నే. పద్యం అప్పజెప్పలేక చేయి చాపిన ఒక పిల్ల, దెబ్బ పడకముందే కళ్లు గట్టిగా మూసుకుంది. ఆ ముఖం ఇప్పటికీ మర్చిపోలేదు. ఆ తర్వాత బెత్తం ముట్టుకోలేదు, క్లాసు అదుపూ తప్పలేదు.

ఉమ్మడి రాష్ట్రంలో 2002లోనే జీవో ఇచ్చి బడుల్లో కొట్టడం నిషేధించారు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దెబ్బలతో పాటు మానసిక వేధింపులనూ నిషేధించింది. తప్పు చేసినవారిపై సర్వీసు నిబంధనల ప్రకారం చర్య తీసుకోవాలంది. మరి ప్రైవేటు బడిలో టీచరు ఉద్యోగం ఎవరి చేతిలో ఉంటుంది? యాజమాన్యం చేతిలోనే. మార్కులు, ర్యాంకులు అంటూ ఆ టీచరును టెన్షన్ పెట్టేదీ వాళ్లే. ఇక వాళ్లు ఎవరి మీద చర్య తీసుకుంటారు?

మండల విద్యాశాఖ ఆఫీసుకు మూడుసార్లు తిరిగాను. మొదటిసారి సారు మీటింగ్‌లో ఉన్నారన్నారు. రెండోసారి కాగితం తీసుకున్నారు గానీ రసీదు ఇవ్వలేదు. మూడోసారికి నా ఫిర్యాదు బడికి చేరిపోయింది. ఆ సాయంత్రమే ఫోన్: "ఇష్టం లేకపోతే టీసీ తీసుకెళ్లండి." ఇలాంటి ఫిర్యాదులను 3 నెలల్లో తేల్చాలని అదే చట్టం 32వ సెక్షన్ చెబుతోంది. ఇప్పుడు ఆరో నెల. ఒకప్పుడు మరుగుదొడ్ల ఫోటోలు యాప్‌లో ఎక్కించలేదని టీచర్ల వెంటపడిన శాఖకు, పిల్లల ఒంటి మీది దెబ్బలు చూసే తీరిక లేదా?

తల్లిదండ్రులకూ ఒక మాట చెప్పాలి. "తోలు తీసైనా చదివించండి సార్" అని చేర్పించేటప్పుడే చెప్పి వచ్చేవాళ్లను నా సర్వీసులో ఎంతమందినో చూశాను. ఆ మాట అన్నాక రేపు మీ పిల్లవాడు కుంటుకుంటూ వస్తే ఎవర్ని అడుగుతారు?

ఇక అధికారులకు నా విన్నపం. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు ఆఫీసు రూములో కాదు, పిల్లలకు కనిపించేలా ప్రతి క్లాసులో రాయించండి. ఫిర్యాదు ఇచ్చినవారికి తేదీ వేసి ముద్ర కొట్టిన రసీదు ఇవ్వండి. ఫిర్యాదుదారు పేరు, ఫోన్ నంబరు బడికి చేరకుండా చూడండి. వీటికి బడ్జెట్ అక్కర్లేదు. బడులు తెరిచారు. మా వాడికి ఎనిమిదో తరగతిలోనూ లెక్కలు ఆ మాస్టారే చెబుతారట.

ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
గుంటూరు జిల్లా