టామ్ అంటే ఎవుడ్రా మామా

ఒరే మామా,

ఎట్టుండావు? బెంగుళూర్లో వానలంట గదా, ఈడ నెల్లూర్లో మాత్రం ఎండ మాడ్చి పెడతా ఉంది. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు, అందుకే ఇదంతా టైప్ చేస్తన్నా, తీరిగ్గా చదువుకో.

మొన్న మా బుడ్డోడి స్కూల్ డైరీలో టీచరమ్మ ఇంగ్లీషులో రాసి పంపింది, క్లాసులో టామ్‌ఫూలరీ ఎక్కువైంది కాస్త చెప్పండి అని. నేను పైకి చదివానా, మా అమ్మ వంటింట్లోంచే 'ఎవుడ్రా ఆ టామ్ము, ఆడితో తిరగబాకని చెప్పు' అనింది. నవ్వాగలా. కానీ నాకు మాత్రం ఏం తెలుసు, ఫూల్ అని ఉంది గదా తిట్టేమోనని స్కూలుకి పోయి గొడవేసుకుందామనుకున్నా.

డిక్షనరీ చూస్తే తిట్టు కాదు మామా. మనం కోతి చేష్టలు అంటామే, అది. తెలివి లేక చేసేది కాదు, తెలిసే చేసే తిక్క పనులు. బెంచీ కింద దూరి పిల్లిలా అరిస్తే టామ్‌ఫూలరీ, పరీక్షరోజు హాల్‌టికెట్ ఇంట్లో మర్చిపోయి వస్తే అది ఉత్త మతిమరుపు (నిన్నే అంటన్నా). ఇంకోటి, మామూలుగా దాన్ని బహువచనం చెయ్యరు. మన అల్లరి లాగే అనుకో, అల్లర్లు అన్నావంటే పోలీసులొస్తారు.

మరి ఈ టామ్ ఎవుడంటే, ఇంగ్లండులో డర్హమ్ మఠం వాళ్ళ 14వ శతాబ్దం లెక్కల్లో లాటిన్లో పిచ్చి థామస్ అని ఒకడున్నాడంట. ఆ థామస్సే పొట్టిగా టామ్. మన పక్క పెంచలయ్యా అని పిలిస్తే నలుగురు తిరిగి చూస్తారే, ఆడ ఈ పేరు అట్టాంటిది, అందుకే వేషాలేసి నవ్వించేవాడల్లా టామ్ ఫూల్ అయిపోయినాడు. ఆ ఫూల్ కూడా లాటిన్లో కొలిమి తిత్తి అనే మాట నుంచి వచ్చింది, లోపలంతా గాలే. మనోళ్ళు గాలోడు అనేది ఊరికే కాదురా!

లండన్లో ఈస్ట్ ఎండ్ జనం ఇంకా ఘోరం, ప్రాస కుదిరిందని జ్యూయలరీని టామ్‌ఫూలరీ అంటారు. ఇది నోరు జారి మీ చెల్లెలి ముందు చెప్పా. అయితే నాకో నాలుగు సవర్ల టామ్‌ఫూలరీ కొనిపెట్టు అని రెండ్రోజులుగా ఒకటే గోల.

డైరీలో సంతకం పెట్టి పంపించేశాలే. బుడ్డోడు మాత్రం వదలకుండా నువ్వూ చిన్నప్పుడు ఇట్టా చేశావా నాన్నా అని అడిగినాడు. మీ బెంగుళూరు మామ చేసేవాడు, నేను పక్కన నిలబడి చూసేవాణ్ణి అని చెప్పా. ఫోన్ చేసి అడుగుతాడు, కాదనబాక.